స్వభావమును వెలుగు మార్చునా?

“పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు” అను సామెత మన యిండ్లలో తరచుగా వినబడుచుండును. దీనిని పలుకువారు సామాన్యముగా తమ్ముద్దేశించి పలుకరు. చదువు రాని పిల్లవానిని గూర్చియో, నోరు గల కోడలిని గూర్చియో, తమకంటె తక్కువవారని తాము తలచిన కులమువారిని గూర్చియో పలుకుదురు. ఈ సామెత వెనుక నొక తత్త్వము దాగియున్నది. ప్రతి వస్తువునకును స్వభావమని యొకటి కలదు. అది వస్తువుతోడనే పుట్టి వస్తువుతోడనే నశించును. వెలుపలి నుండి వచ్చినది పైపూత మాత్రమే యని దాని సారాంశము. నిప్పు కాల్చును, నీరు తడుపును, వేప చేదుగా నుండును. జడపదార్థములే తమ స్వభావమును విడువనప్పుడు మనుష్యుడు మాత్ర మెట్లు విడుచునని యడుగుదురు. స్త్రీలకు చదువు వలదన్నవారును, కొన్ని కులముల పిల్లలకు బడి తలుపు మూసినవారును ఈ వాదమునే యాశ్రయించిరి.

ఈ వాదమునకు పునాది జడపదార్థము. నేటి భౌతికశాస్త్రజ్ఞులలో నొక తెగవారు ఆ పునాదినే త్రవ్వి చూచుచున్నారు. వారు పదార్థములపై తీవ్రమైన కాంతిని ప్రసరింపజేసి, ఆ కాంతి యున్నంత సేపును ఆ పదార్థమునకు మునుపు లేని ధర్మములు కలుగునా యని విచారించుచున్నారు. వారి విచారణలో బయల్పడిన దేమి? దాని నుండి మన మనుష్యవ్యవహారమునకు గ్రహింపదగిన దెంత, గ్రహింపరాని దెంత? ఈ వ్యాసమున మేము పరిశీలింపదలచిన విషయ మిది.

మొదట మన పూర్వులు ఈ ప్రశ్న నెట్లు విభజించిరో చూతము. మన శాస్త్రములలో మూడు దృష్టాంతములు ప్రసిద్ధములు. స్ఫటికము ప్రక్కన దాసానిపువ్వు నుంచిన స్ఫటిక మెఱ్ఱగా కనబడును. పువ్వును తీసివేసిన యెఱుపు పోవును. స్ఫటిక మెన్నడును ఎఱ్ఱనిది కాలేదు. ఆ యెఱుపు కేవల మాభాస. ఇది వేదాంతుల దృష్టాంతము. రెండవది నేయి. ఆంధ్రుడని ప్రసిద్ధి గన్న అన్నంభట్టు తన తర్కసంగ్రహమున ద్రవత్వమును రెండు విధములుగా విభజించెను. నీటికి ద్రవత్వము సహజము. నేతికి అగ్నిసంయోగముచే కలిగినది, అనగా నైమిత్తికము. నేయి సెగ తగిలినంత సేపే ద్రవముగా నుండును. సెగ పోయిన పేరుకొనును. అయినను ఆ ద్రవత్వ మాభాస కాదు. కరిగిన నేయి నిజముగానే పాఱును, అన్నములో కలియును. మూడవది కుండ. పచ్చికుండ ఆవములో కాలి ఎఱ్ఱనగును. ఆవము చల్లారినను ఎఱుపు పోదు. ఇట్టి గుణమును పాకజమనిరి. ఈ మార్పు పరమాణువులలో కలుగునా, కుండ మొత్తమున కలుగునా యని వైశేషికులును నైయాయికులును చిరకాలము వాదించిరి.

స్ఫటికము, నేయి, కుండ: ఈ మూడింటిని చదువరులు జ్ఞాపకమం దుంచుకొనవలెనని మా ప్రార్థన. వెలుపలి నుండి వచ్చిన మార్పు ఆభాసయా, నిమిత్త మున్నంత సేపు నిలుచు నిజమా, నిమిత్తము పోయినను నిలుచు నిజమా యను విచారణ కీ మూడే కొలమానములు.

ఇంక ప్రస్తుతమునకు వత్తము. చిరకాలము శాస్త్రజ్ఞులు కాంతిని ప్రశ్న యడుగుటకు మాత్రమే వాడిరి. ఒక పదార్థముపై వెలుగు ప్రసరింపజేసి, తిరిగివచ్చిన వెలుగును బట్టి దాని లోపలి నిర్మాణమును తెలిసికొనిరి. 1928లో రామను పండితుడు కలకత్తాలో చేసిన పరిశోధన ఇట్టిదే. ద్రవముగుండ పోయిన కాంతిలో స్వల్పభాగము వర్ణము మారి వెలువడునని ఆయన కనుగొనెను. ఆ మార్పు అణువుల కంపనములను గూర్చి మనకు వార్త తెచ్చును. అచ్చట కాంతి దూత వంటిది. దూత వచ్చిపోయిన పిదప ద్రవము మునుపటి ద్రవమే.

1960లో అమెరికాలో మైమను అను నాతడు మొదటి లేజరును పనిచేయించిన పిమ్మట ఈ సంబంధము మారసాగెను. దీపపు వెలుగు తిరునాళ్ళ జనము వంటిది. ప్రతి తరంగమును తన యిచ్చ వచ్చినట్లు పోవును. లేజరు వెలుగు అడుగులు కలిపి నడచు దండు వంటిది. 1985లో స్ట్రిక్‌లాండు, మూరూ అనువారు అత్యల్పకాలపు కాంతిస్పందములను మిక్కిలి బలపఱచు నుపాయమును కనిపెట్టి, అందులకై 2018లో నోబెలు బహుమానమున పాలుపొందిరి. నేడు ప్రయోగశాలలలో కాంతిస్పందములను ఫెమ్టోసెకనులలో కొలుచుచున్నారు. ఒక సెకనును నూరుకోట్ల భాగములు చేసి, అందొక భాగమును మరల పదిలక్షల భాగములు చేసిన అది ఫెమ్టోసెకను. ఇంతటి స్వల్పకాలములో ఇమిడిన కాంతి, పరమాణువులను బంధించియుంచు బలముతో పోల్చదగిన బలమును పదార్థముపై చూపగలదు. ఇట్టి కాంతి ప్రశ్న యడిగి యూరకుండదు. ఎదుటివానిని చేయిపట్టి నడిపించును.

నడిపించుట వలన స్థితి మారుననుటకు మన వీథులలోనే నిదర్శనము కలదు. బొంగరము తిరుగుచున్నంత సేపు ములుకుపై నిటారుగా నిలుచును. తిరుగుట మానిన ప్రక్కకు వాలును. నిలుచుట బొంగరపు స్వభావమా? కదలక యున్న బొంగరమునే చూచినవాడు కాదనును. తిరుగుచున్న బొంగరమును చూచినవాడు అవుననును. ఇంతకంటె విచిత్రమైన దింకొకటి కలదు. క్రింది కొనయందు కీలు గల కడ్డీని తలక్రిందుగా నిలిపిన వెంటనే పడిపోవును. కాని ఆ కీలును అతివేగముగా పైకి క్రిందికి కంపింపజేసిన, కడ్డీ నిటారుగా నిలుచును. కొంచెము త్రోసినను మరల నిటారునకే వచ్చును. 1908లో స్టీఫెన్సను దీనిని వర్ణించెను. 1951లో రష్యా శాస్త్రజ్ఞుడు కపిత్సా దీనికి చక్కని సిద్ధాంతము నేర్పరచెను. నిలుకడ లేని స్థానము, క్రమమైన కంపనము వలన నిలుకడ గల స్థానమైనది. కడ్డీ మారలేదు, భూమి యాకర్షణ మారలేదు, మారినది నడక.

కాంతి కూడ క్రమమైన కంపనమే. కావున కాంతిచే కంపింపజేయబడిన ఎలక్ట్రానులు ఈ కడ్డీవలె మఱియొక స్థితిని పొందునా యని సిద్ధాంతులు యోచించిరి. ఇచ్చట సిద్ధాంతి యనగా పంచాంగకర్త కాదు. ప్రయోగశాలలో చేయి పెట్టక గణితముచే ప్రకృతిని విచారించువాడు. ఇద్దఱును రానున్న దానిని లెక్కించి చెప్పువారే. కాని ఈతని లెక్క తప్పైనచో ప్రయోగము నిర్దాక్షిణ్యముగా త్రోసివేయును. వీరికి తోడ్పడిన గణితము మిక్కిలి పాతది. 1883లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫ్లోకే, కాలక్రమమున తిరిగితిరిగి వచ్చు మార్పులు గల సమీకరణములను సాధించు మార్గమును చూపెను. దానిని మన సంగీతముతో పోల్చి చెప్పవచ్చును. గాయకుడు ఆవర్తములో నెన్ని సంగతులు వేసినను సమమునకు వచ్చి చేరును. సమమునందు మాత్రమే చూచువానికి ఆ చలన మంతయు నొక నిలుకడవలె కనబడును. అట్లే కాంతితరంగ మొక్కసారి వచ్చి పోవుటలో ఎలక్ట్రాను ఎన్ని పోకలు పోయినను, ఒక్కొక్క యావర్తమునకు లెక్కించిన, అది ఒక క్రొత్త స్థిరనియమమునకు లోబడినట్లే యుండును. ఆ క్రొత్త నియమము కాంతి లేనప్పటి నియమము కాదు.

2009లో జపాను దేశపు సిద్ధాంతులగు తకాషి ఓకా, హిదెయో ఆవోకి అనువారు ఈ గణితమును గ్రాఫీనునకు అన్వయించిరి. పెన్సిలులోని నల్లని ద్రవ్యము గ్రాఫైటు. అందుండి ఒక పరమాణువు మందము గల పొరను విడదీసిన అదియే గ్రాఫీను. దానిని 2004లో మాంచెస్టరున గైము, నొవొసెలొవు విడదీసి పరిశీలించిరి. అందు అంగారపరమాణువులు తేనెపట్టు గదులవలె ఆఱు మూలల వరుసలుగా నుండును. అందలి ఎలక్ట్రానుల శక్తిశ్రేణులు రెండు కొన్ని బిందువులకడ ఒకదాని నొకటి తాకుచుండును. నడుమ ఎడము లేదు. ఓకా, ఆవోకి చెప్పిన దేమనగా: తిరుగుచు వచ్చు కాంతిని, అనగా సవ్యముగానో అపసవ్యముగానో సుడి తిరుగు కాంతిని, ఈ పొరపై ప్రసరింపజేసిన ఆ తాకెడు చోట ఎడ మేర్పడును, అప్పుడు పొరలో నిలువునకు నడపిన విద్యుత్తు అడ్డముగా మరలును. విద్యుత్తు అడ్డముగా మరలుట క్రొత్త కాదు. 1879లో హాలు అను నమెరికను దీనిని కనుగొనెను. కాని దానికి అయస్కాంతము కావలెను. అయస్కాంత క్షేత్రపు మొత్తము శూన్యమైనను ఇట్టి ఫలము కలుగవచ్చునని 1988లో హాల్డేను అను సిద్ధాంతి ఒక ఊహాపదార్థమును గణితమున కల్పించి చూపెను. ఆ యూహను సుడివెలుగు నిజమైన పదార్థమున నిలుపగలదని జపాను సిద్ధాంతుల లెక్క సూచించెను.

లెక్క కాగితముమీద నుండగా దానిని నమ్మువారును నమ్మనివారును ఉందురు. 2013లో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున గెడికు బృందమువారు బిస్మతు, సెలీనియము గల స్ఫటికపు ఉపరితలమున కాంతితో ముడిపడిన ఎలక్ట్రాను స్థితులను ప్రత్యక్షముగా చూచిరి. జర్మనీలోని హాంబర్గునందు మాక్సు ప్లాంకు సంస్థవారు గ్రాఫీనుపై సుడివెలుగు స్పందమును వేసి, ఆ క్షణమున పాఱు విద్యుత్తును కొలిచి 2019లో ప్రకటించిరి. విద్యుత్తు అడ్డముగా మరలినది. సుడిని సవ్యము నుండి అపసవ్యమునకు మార్చిన, విద్యుత్తు మరలు దిక్కును మారినది. ఈ ఫలమంతయు క్రొత్త శక్తిశ్రేణుల వలననే కలిగినదని చెప్పరాదు. కాంతి కొన్ని ఎలక్ట్రానులను ఒక ప్రక్కకు ఎక్కువగా త్రోయుట వలన కలిగిన భాగము కూడ అందున్నదని తరువాతి గణనలు తెలిపినవి. అయినను అయస్కాంతము లేకయే, వెలుగు మాత్రముచేత, పొర క్రొత్త పనిని చేసిన మాట నిశ్చయము.

ఇది మన మూడు దృష్టాంతములలో దేనికి చేరును? స్ఫటికమునకు చేరదు. స్ఫటికపు ఎఱుపు ఏ పనియు చేయదు. ఇచ్చట విద్యుత్తు తీగెలలో నిజముగా పాఱినది. కుండకును చేరదు, వెలుగు పోయిన క్షణమాత్రమున పొర మునుపటి పొరయే. కనుక ఇది నేయి. ఇందొక భేద మున్నది. నేతిని కరగించునది వేడిమి. వేడిమి యనగా క్రమము లేని కదలిక. గ్రాఫీనును మార్చినది క్రమము గల కదలిక. అది దాని నెంత వేడిచేసినను ఈ ఫలము నీయదు.

ఇచ్చట నొక వాది యిట్లనవచ్చును: “ఆ గుణము గ్రాఫీనుది కాదు, వెలుగుది. వెలుగు ఎరువిచ్చినది, వెలుగే తీసికొనిపోయినది.” ఇది బలమైన యాక్షేపణయే. కాని అదే సుడివెలుగును గాజుపలకపై వేసిన ఈ ఫలము రాదు. తేనెపట్టు వరుస కావలెను, తాకుచున్న శ్రేణులు కావలెను, అవి గ్రాఫీనువే. వెలుగొక్కటే చాలదు, పొర యొక్కటే చాలదు. రెండింటి సంయోగమున పుట్టిన గుణ మది. అట్లైన ఒక వస్తువు స్వభావ మనగా, అది చీకటిలో నొంటరిగా నున్నప్పు డెట్లుండునో అంత మాత్రమే కాదు. ఏ నిమిత్తము తగిలిన ఏమి కాగలదో ఆ యోగ్యత కూడ స్వభావములోని భాగమే. అన్నంభట్టు ద్రవత్వమును లెక్కించునపుడు నేతిని విడిచిపెట్టలేదు. నైమిత్తికమైనను గుణము గుణమే యని యంగీకరించెను.

గ్రాఫీనుకంటె ఆశ్చర్యమైన వార్తలును కలవు. 1911లో లైడెనునందు కమర్లింగు ఓన్సు, పాదరసమును అతిశీతలము చేసిన విద్యుత్తునకు దాని నిరోధము శూన్యమగుట కనుగొనెను. దీనిని అతివాహకత్వ మందురు. అఱువది అంగారపరమాణువులు బంతివలె కూడిన అణువులకు పొటాసియమును చేర్చిన పదార్థ మొకటి సున్నకు దిగువ సుమారు 253 డిగ్రీల సెంటిగ్రేడు చలిలో అతివాహకమగును. 2016లో హాంబర్గునందు కవల్లేరి బృందమువారు దానిపై కంటికి కనబడని యెఱుపుక్రింది కాంతిని స్పందములుగా ప్రసరింపజేసి, సున్నకు దిగువ 173 డిగ్రీల వఱకును అతివాహకత్వ లక్షణములను పోలిన లక్షణములు చూచితిమని ప్రకటించిరి. ఆ లక్షణములు మొదట సెకనులో లక్షకోట్లవ భాగము కొన్ని మారులంత సేపే నిలిచినవి. 2021 నాటికి మఱింత దీర్ఘమైన స్పందములతో వాని యాయువు వేలరెట్లు పెరిగినది. దీనిని అందఱు నంగీకరింపలేదు. ఆ కొలతలనే వేఱొక విధముగా లెక్కించిన అతివాహకత్వము లేకయే అవి సిద్ధించునని 2023లో కొందఱు వాదించిరి. వాద మింకను ముగియలేదు. గొప్ప యాశ గల చోటనే కఠినపరీక్ష నాహ్వానించుట వలన శాస్త్రమునకు గౌరవము కలుగుచున్నది.

ఇన్నియు నేయి జాతివి. కుండ జాతిదియు నొకటి దొరకినది. టాంటలము, గంధకము గల యొక స్ఫటికమును మిక్కిలి చల్లబఱచి, దానిపై 35 ఫెమ్టోసెకనుల స్పందము నొక్కదానిని వేయగా, అది విద్యుత్తును నిరోధించు స్థితి నుండి ప్రవహింపనిచ్చు స్థితికి మారి, వెలుగు పోయిన పిదపకూడ అట్లే నిలిచినదని లుబ్లియానా నగరమున మిహైలొవిచ్ బృందమువారు 2014లో తెలిపిరి. వెచ్చజేసిననే అది పూర్వస్థితికి వచ్చును. ఇందు మేము మిక్కిలి గమనింపదగిన దనుకొనునది, ఆ నూతనస్థితిని మెల్లగా వేడిచేయుట వలనగాని చల్లార్చుట వలనగాని పొందరామి. అందుచే దానిని గుప్తస్థితి యనిరి. ఆ స్ఫటికమున నా యోగ్యత మొదటి నుండియు నున్నది. మామూలు దారుల వెంట పోయినవారెవ్వరును దానిని చూచియుండరు.

ఈ పరిశోధనకు పెద్ద ప్రతిబంధక మొకటి కలదు, అది వేడిమి. నడిపింపబడు పదార్థము శక్తిని మ్రింగుచునే యుండును. ఇతరసంబంధము లేక, లోపలి యంశములు పరస్పరము పెనగులాడు సామాన్యవ్యవస్థను ఎడతెగక కంపింపజేసినచో, తుదకు దాని క్రమమంతయు నశించి, ఏ విశేషమును లేని యుడుకుస్థితికి చేరునని 2014లో సిద్ధాంతులు చూపిరి. ఏ వెలుగు క్రొత్త గుణము నిచ్చినదో ఆ వెలుగే తుదకు సర్వగుణములను హరించును. అయినను కంపనవేగము పదార్థపు సహజవేగములకంటె మిక్కిలి హెచ్చుగా నున్నచో, వేడి యెక్కుట మిక్కిలి ఆలస్యమగుననియు, నడుమ చాల సేపు క్రొత్త గుణము నిలుచుననియు తరువాతి సంవత్సరములలో తేలినది. వేడిని గ్రహించి కొనిపోవు ఆధారము ప్రక్కన నున్నను మేలే. కావున నేటి సిద్ధాంతి ముఖ్యముగా విచారించునది ఎంత వెలుగు వేయవలెనని కాదు. ఎట్టి వెలుగు, ఏ వేగమున, ఏ సుడితో, ఎంత సేపు వేయవలెనని.

ఇంక మనుష్యవ్యవహారమునకు వచ్చుటకు ముందొక హెచ్చరిక యావశ్యకము. గ్రాఫీను మారినది కనుక మనుష్యుడు మారునని చెప్పుట తర్కము కాదు. దృష్టాంతము దారి చూపును గాని సాక్ష్యము చెప్పదు. ఎలక్ట్రానునకు నొప్పి లేదు, సమ్మతి లేదు, అవమానము లేదు. దానిపై వెలుగు వేయువాడు దాని యనుమతి నడుగ నక్కఱలేదు. మనుష్యునిపై వేయువా డడుగవలెను. ఇంత జెప్పి, ఈ శాస్త్రము నుండి మూడు సంగతులను మాత్రము గ్రహింపవచ్చునని మా యభిప్రాయము.

మొదటిది: సామెత వెనుకనున్న పునాది పోయినది. జడపదార్థమే స్వభావము మార్చుకొనదు గదా యనువారికి ఇంక ఆ మాట చెల్లదు. శాస్త్రము మనుష్యుడు మారునని ఋజువు చేయలేదు గాని, మారడని చెప్పుటకు రాతిని సాక్షిగా పిలుచుట కడ్డు చెప్పినది. మఱియు ఒక వస్తువు నొక్క పరిస్థితియందే చూచి దాని స్వభావమిదియని నిర్ణయించుట యెంత తొందరపాటో చూపినది. మన దేశమున వేలసంవత్సరములు కొందఱిని చదువునకు దూరముగా నుంచి, వారికి చదువు రాదని స్వభావనిర్ణయము చేసితిమి. దీపము వెలిగింపక, గదిలో వస్తువులు లేవని చెప్పుట వంటి దది.

రెండవది: నేతిని చూచి కుండ యనుకొనరాదు. సంస్కారప్రియులమైన మనము ఈ పొరపాటున తరచుగా పడుదుము. ఇన్‌స్పెక్టరు వచ్చిన దినమున తరగతి యంతయు నిశ్శబ్దముగా నుండును. ఆయన బండి మలుపు తిరిగిన వెంటనే మునుపటి గోల వినబడును. ఇది పిల్లల కపటము కాదు. ఆ నిశ్శబ్దము నిజమే, నైమిత్తికము. వితంతువివాహమును చట్టము 1856లోనే యంగీకరించినను, రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వివాహమును జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదీన. నడుమ నిరువదియైదేండ్లు చట్టము వెలుగుచునే యున్నది. మన వీథులలో దాని కనువైన యావర్త మేర్పడలేదు. బాల్యవివాహ నిరోధమునకు 1929లో శాసనమై మఱుసటి యేట అమలునకు వచ్చినది. ఆడుపిల్ల కనీసవయస్సు నాడు పదునాలుగు. 1978లో పదునెనిమిది చేయబడినది. 2006లో మఱింత గట్టి చట్టము వచ్చినది. అయినను 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, ఇరువది మొదలిరువదినాలుగేండ్ల వయస్సు స్త్రీలలో పదునెనిమిది నిండకమునుపే పెండ్లియైనవారు దేశమున నూటికి 23.3, ఆంధ్రప్రదేశమున 29.3. అయ్యో యని నిరాశపడ నక్కఱలేదు. 2005–06లో దేశపు సంఖ్య 47.4. కాని చట్టపు వెలుగు తగ్గినచోట, కఱవో రోగమో వచ్చి బడులు మూతపడినచోట, పేరుకొనుటకు సిద్ధముగా నున్న నేయి యింకను చాల మిగిలియున్నదని తెలిసికొనవలెను.

అట్లని నైమిత్తికమును తృణీకరింపరాదు. కరిగినంత సేపే నేయి అన్నములో కలియును. కలిసిన పిదప పేరుకొన్న నేమి? చట్టభయముచేత నొక తండ్రి కూతురి పెండ్లి నాలుగేండ్లు వాయిదా వేసెననుకొనుడు. ఆ తండ్రి బుద్ధి మారలేదు. రేపు చట్టము తీసివేసిన మొదటివాడుగా ముహూర్తము పెట్టించును. కాని ఆ నాలుగేండ్లలో ఆ పిల్ల నేర్చిన చదువును ఏ చీకటియు వెనుకకు తీసికొనజాలదు. తండ్రియందు నేయిగా నున్న మార్పు కూతురియందు కుండయైనది. సంస్కరణము సామాన్యముగా జయించు దారి యిదియే. నిర్బంధమున కలిగిన స్వల్పకాలపు స్థితి యొకరిది. దానిలోపల పండిన శాశ్వతఫల మింకొకరిది.

మూడవది వేడిమిని గూర్చినది; ఉపాధ్యాయులమైన మాకును, తల్లిదండ్రులకును, సభావేదిక లెక్కువారికిని ఇది ముఖ్యము. ఫలము రాకున్న వెలుగు హెచ్చించుట మన యలవాటు. బెత్తము రెండు దెబ్బలకు పని చేయకున్న నాలుగు కొట్టుట, ఒక యుపన్యాసము చాలకున్న పది చేయుట. అతిగా నడపినది క్రమమును గాక యుడుకును పుట్టించునని చూచితిమి. ఉడికిన బాలునకు పాఠమును రాదు, మునుపున్న మర్యాదయు మిగులదు. మఱియొకటి. సుడి సవ్యమైన విద్యుత్తు ఒక వంకకు, అపసవ్యమైన నింకొక వంకకు పాఱినదని చెప్పియుంటిమి. పొరకు ఏ దిక్కునందును పక్షపాతము లేదు. వచ్చిన సుడిని బట్టి మరలును. జనసమూహము లట్టివే. నేడు మన యుపన్యాసమునకు చప్పట్లు కొట్టిన జనమును చూచి, మన వారైరని సంతోషించుట తెలివి కాదు. రేపు ద్వేషమును బోధించువాడు అంతే బలముగ, ఎదురుసుడితో వచ్చిన, ఆ జనమే అంతే వేగముగ అటు మరలును. లొంగుట గుణము కాదు. గుణమునకు యోగ్యత మాత్రమే.

ఇచ్చటనే మనుష్యునకును గ్రాఫీనునకును గల భేదము మనకు తోడుపడవలెను. పొర తనపై పడు వెలుగును ఎన్నుకొనలేదు, పరీక్షింపలేదు. మనుష్యుడు తన్ను నడపుచున్న దేదియని యాలోచింపగలడు: ఈ మర్యాద పొరుగువారి కొఱకా, ఈ భక్తి భయము వలననా, ఈ కోపము నాదా, నేను నిన్న విన్న యుపన్యాసమువారిదా యని. తెలిసికొని, మంచిదని తోచిన దానిని తనంతట తానే మరల మరల వెలిగించుకొనువానికి పర్యవేక్షకునితో పనిలేదు. విద్య యనగా పిల్లలపై మన వెలుగును ఎల్లకాలము ప్రసరింపజేయుట కాదు. వారు తమ దీపమును తామే యెత్తుకొను వఱకు మనము పట్టుకొని నిలుచుట. కావున చదువరులు తమ యింట ఇటీవల కలిగిన మార్పుల నొక్కొక్కదానిని తీసికొని విచారింపవలెనని కోరుచున్నాము. కోడలితో కలిసి భోజనము చేయుట, పనివానికి లోపలి గ్లాసులోనే నీరిచ్చుట, కూతురిని పై చదువునకు పంపుట మొదలగు వానిలో, ఎవరును చూడని దినమున గూడ నిలుచున వేవి? చూచువారు లేకున్న పేరుకొనున వేవి? రెండవ జాబితా పొడవుగా నున్నచో సిగ్గుపడ నక్కఱలేదు. వాని కింకను ఆవము కావలెనని మాత్రము తెలిసికొనిన చాలును.